పొర కట్టేదాకా

తిత్లీ తుపాను పోయిన మరుసటి వేసవిలో నన్ను పలాసలో ప్రభుత్వ ఆసుపత్రికి దంతవైద్యురాలిగా బదిలీ చేశారు. కాగితం మీద డిప్యూటీ సివిల్ సర్జన్‌ని. హోదా పెద్దదే గానీ, విభాగమంటే ఒక కుర్చీ, ఒక నర్సు, నేను. ఉద్దానం ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పన్ను పీకించుకోవడానికే వచ్చేవారు. నొప్పి లేకుండా దంతవైద్యుల మొహం చూసే అలవాటు మనలో ఎవరికుంది?

వజ్రపుకొత్తూరు వైపు నుంచి పోలమ్మ అనే ఆమె, చిగుళ్ళలో రక్తం వస్తోందని వచ్చింది. అరవై దాటిన మనిషి, కొబ్బరీ జీడీ పండించే రైతు. వెంట కోడలు సరోజ. నోరు తెరిపిస్తే పళ్ళ మీద నల్లటి గార. పైన అంగిలి తెల్లగా, మందంగా ఉంది. ఆ తెలుపు మధ్యలో ఎర్రటి పుండు. చూడగానే అర్థమైంది, అడ్డపొగ. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని మా వైపు అలా అంటారు. ఆడవాళ్ళలోనే ఎక్కువ. ఆ వేడికి అంగిలి ముందు తెల్లబడుతుంది, తరవాత పుండు పడుతుంది, ఆపైన ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అలా తిప్పి కాల్చడం ఎందుకమ్మా అని అడిగాను.

"జీడితోటలో కిందంతా ఎండుటాకు గదా డాట్రమ్మా. రవ్వ పడితే తోట తగలబడిపోతాది. నోట్లో నిప్పు నోట్లోనే ఉంటాది," అంది.

తోటను కాపాడుకోవడానికి నోరు కాల్చుకునే ఆ జాగ్రత్త చూసి నాకు ఒళ్ళు మండింది.

పుండు దగ్గర చిన్న ముక్క తీసి విశాఖపట్నం పరీక్షకు పంపాం. దాన్నే బయాప్సీ అంటారు. ఇంకా కేన్సర్ కాలేదు, కానీ కణాలు అటువైపు మారుతున్నాయని జవాబు వచ్చింది. ఈ దశలో ఏ మందుకన్నా చుట్ట మానడమే ముఖ్యం. మానితే చాలామందిలో అంగిలి తనంతట తానే బాగుపడుతుంది. అద్దంలో పుండు చూపించాను, కేన్సర్ బొమ్మలు చూపించాను, గట్టిగా కోప్పడ్డాను కూడా. సరోజ ఏడ్చింది. పోలమ్మ మాత్రం చలించలేదు.

"మా యమ్మ కాల్సింది, మా యత్త కాల్సింది. సావు రాసిపెట్టుంటే ఎలాగైనా వత్తాది. నాకు బయ్యం నేదు," అంది. నా మాటలన్నీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయ్యాయి.

సరే, వచ్చిన పనైనా చేద్దామని గార తీశాను. అది అయ్యాక చిన్న రబ్బరు కప్పుతో పళ్ళకు మెరుగు పెట్టడం రివాజు. నాలుకతో తడుముకుని, "గాజు గిన్నెల్లాగున్నాయి," అని మొదటిసారి నవ్వింది. అప్పుడు ప్రతి రోగికీ చెప్పేదే ఆమెకీ చెప్పాను. శుభ్రం చేసిన పంటి మీద కాసేపట్లోనే ఉమ్మిలోని ప్రోటీన్లు అతుక్కుని, కంటికి కనపడని పొర కడతాయి. మేం దాన్ని పెల్లికిల్ అంటాం. పులుపు పంటిని తినెయ్యకుండా అది కాపు కాస్తుంది. పొగలోని నలుపు అంటుకునేదీ ఆ పొరకే. అందుకని అది గట్టిపడేదాకా, రెండు మూడు గంటలపాటు చుట్టా టీ చింతపండూ ముట్టుకోవద్దంటాం.

"మరి తోముకుంటే పోదేటి?" అని అడిగింది.

కొంత పోతుంది, మళ్ళీ కడుతుంది, రోజూ జరిగే పనే అన్నాను.

కుర్చీ దిగకుండా నాలుకతో పళ్ళు మళ్ళీ తడుముకుంది. "అయితే రోజూ పచ్చి అలుకేనన్నమాట. అలికిన ఇల్లు ఆరకుండా తొక్కుతామేటి?" అంది.

ఆ పోలికలో రెండు తప్పులున్నాయి. పొర రోజంతా పచ్చిగా ఉండదు. పైగా అసలు ప్రమాదం పళ్ళకు కాదు, అంగిలికి. సరిదిద్దబోయాను. వెనక నుంచి సరోజ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఊరుకున్నాను.

తరవాతిసారి వచ్చినప్పుడు సరోజే చెప్పింది. అత్త పొద్దున్నే పుల్లతో పళ్ళు తోముకుంటోందట. ఎవరైనా చుట్ట ఇవ్వబోతే, "ఇప్పుడే అలికాను, ఇంకా ఆరనేదు," అని తిప్పి పంపేస్తోందట. ఊళ్ళో అందరూ నవ్వుతున్నారట. జీడిగింజలు ఏరే రోజుల్లో ఒకటి రెండుసార్లు చుట్ట కాల్చానని పోలమ్మే ఒప్పుకుంది. తిట్టలేదు. మళ్ళీ మెరుగు పెట్టి పంపాను.

మరుసటి ఏటికి అంగిలి గులాబీ రంగుకు వచ్చింది. పుండు ఉన్నచోట మచ్చ మిగిలింది. మరో ముక్క పంపితే కణాలు మామూలుగానే ఉన్నాయని రాశారు. ఉద్యోగంలో అంత సంతోషించిన రోజు నాకింకొకటి గుర్తు లేదు. అందరికీ టీ తెప్పించాను. నేను అప్పుడే తన పళ్ళు శుభ్రం చేశానని పోలమ్మ తాగలేదు.

ఇక దాచడం భావ్యం కాదనిపించి, ఆ పొర రోజంతా పచ్చిగా ఉండదని, కొద్ది గంటల్లోనే గట్టిపడుతుందని చెప్పాను.

"తెల్సు డాట్రమ్మా. రెండు మూడు గంటలని మీరు సెప్పినది నాకినబడనేదేటి? సావంటే బయ్యం నేదని ఊరందరికీ సెప్పుకున్న మనిసిని. ఇప్పుడు బయపడి మానీసిందంటే పరువు పోదేటి? అలుకు ఆరనేదంటే ఎవులేటంతారు?"

జబ్బు గురించి రోగికి చెప్పడం మాకు చదువులో నేర్పుతారు. అన్న మాట నుంచి పరువు పోకుండా వెనక్కి రావడానికి రోగికి ఒక దారి కావాలన్నది పోలమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ తరవాత పదవీ విరమణ చేసేదాకా, గార తీసిన ప్రతి మనిషికీ ఆ పొర సంగతి తీరిగ్గా చెప్పాను. ఎవరికి ఏ మాట సాకుగా పనికొస్తుందో డాక్టరుకు ముందుగా తెలియదు.