నోరు మూసుకోలేని దర్శకుడు

మూకీల కాలంలో మా దర్శకుడు ఊ లూ గలే గొంతు రంగూన్ వానలాంటిది. మొదలైతే ఆగేది కాదు. కెమెరా తిరుగుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేవారు.

"తల్లీ, తలుపు వైపు చూడు. అతను వెళ్ళిపోతున్నాడు. ఇక రాడు."

ఆ మాటల వెంటే నడుస్తూ మా కథానాయిక మ ఓన్ టిన్ ఏడ్చేది. ఊరంతా ఆమె కన్నీళ్ళను మెచ్చుకునేది. వాటి ఊట ఎక్కడుందో ఆమె దుస్తులు కుట్టే నాకు తెలుసు.

తర్వాత టాకీలొచ్చాయి. రేకుల షెడ్డు గోడలకు గోనెపట్టాలు కట్టాం. కప్పు మీది కాకుల్ని తోలేశాం. మా సయా, అంటే గురువు, లూ గలే గారి నోటినే ఏం చేయలేకపోయాం.

"మళ్ళీ మీ గొంతే పడింది, సయా," అన్నాడు శబ్దం పట్టే కో సాన్ న్యున్, చెవుల మీది హెడ్‌ఫోను తీసి.

"నేనెక్కడ మాట్లాడానయ్యా? గొణిగానంతే."

"ఆ గొణుగుడికే నా చెవి చిల్లు పడింది."

మరుసటిసారి ఆయన బుగ్గ నిండా కిళ్ళీ కుక్కుకున్నారు.

"ఇప్పుడు మేక మేస్తున్నట్టు వినబడుతోంది, సయా!"

కంపెనీ యజమానురాలు డా సా యీ నవ్వలేదు. "లూ గలే, ఇంక ఒక్క డబ్బా ఫిల్మే ఉంది. ఇవాళ ఈ సీను కుదరకపోతే కలకత్తా నుంచి టాకీలు తెలిసినవాణ్ణి పిలిపిస్తా. నీ మీద కోపం కాదు."

సీను చిన్నదే. ఇల్లు వదిలి వెళ్ళబోయిన కూతురు గుమ్మంలో ఆగి, ఏడ్చి, వెనక్కి తిరగాలి. ఆయన పెదవులు బిగపట్టుకుంటే ఓన్ టిన్ నేను బట్టలు తగిలించే కొయ్యలా నిలబడిపోయేది.

విరామంలో ఆమె ఆయన ముందు టీ పెట్టి కూర్చుంది.

"మీరు మాట్లాడకపోతే అది ఒట్టి చెక్క తలుపు, సయా. నాకేం కనబడదు."

ఆయన ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నారు. కప్పులో టీ చల్లారింది.

"ఈ కథలో నీకు నాన్న ఎందుకు లేడే?"

"మీరేగా రెండో రీల్లో చంపేశారు!"

"ఆ చావు ఇంకా తియ్యలేదుగా. బతికిస్తా."

గుమ్మం పక్కన వెదురు తడిక నిలబెట్టించి, మంచం పట్టిన తండ్రిలా దాని వెనక పడుకున్నారు. ఈసారి ఆ గొంతును పట్టుకోవడానికే సాన్ న్యున్ మైకును కిందికి దించాడు. కెమెరా తిరిగింది. ఓన్ టిన్ గడియ మీద చెయ్యి వేసింది.

"తల్లీ, అక్కడే ఉన్నావా?" తడిక వెనక నుంచి గొంతు. "గాలి చల్లగా ఉంది. శాలువా కప్పుకుని వెళ్ళు."

ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. ఎలా ఏడవాలో ఆయన చెప్పలేదు. గడియ మీంచి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే జారాయి. తర్వాతి మాట ఆమెది. ఆయన ఆగారు. వాన వెలిసినప్పుడు చూరులన్నీ చెవి ఒగ్గినట్టు షెడ్డు మొత్తం ఆ నిశ్శబ్దాన్ని విన్నది.

"వెళ్ళడం లేదు, నాన్నా," అంది ఓన్ టిన్, ఏడుస్తూ.

సాన్ న్యున్ తల ఊపాడు. డా సా యీ తడిక పక్కకు జరిపింది. లూ గలే కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఈ నాన్న ఎన్నాళ్ళు బతుకుతాడు?" అని అడిగింది యజమానురాలు.

"సినిమా అయ్యేదాకా."

"సరే, కలకత్తాకి కబురు పంపను. కానీ ఆ ముసలాణ్ణి అప్పుడప్పుడు కాస్త నిద్రపోనివ్వు."