ఉతకని స్వెటర్

అమ్మాన్‌లో, తాజ్ గుట్ట మీదున్న మా బిల్డింగు మెట్లు ఇరవై ఏళ్లుగా, మేమంతా పెద్దమ్మా అని పిలిచే పొరుగింటి వస్ఫియ పెద్దమ్మ బట్టలుతికిన నీళ్లతోనే శుభ్రపడుతున్నాయి. మాకు పంపు నీళ్లు వారానికి ఒక్కసారే, మంగళవారం వస్తాయి. ఆ సబ్బు నీళ్లు పెద్దమ్మ చేతిలో పడితే ముందు తెల్లబట్టలు, తర్వాత రంగుబట్టలు, ఆ తర్వాత గచ్చు, చివరికి మూడంతస్తుల మెట్లు. "ఒక బకెట్టు మిగిలింది, ఎవరికన్నా కావాలటే?" అని అప్పటికీ కేకేసేది.

అరిగిపోయిన సబ్బు ముక్కల్ని పాత మేజోడులో వేసి ముడి వేసేది, అది ఇంకో నెల నురగిచ్చేది. ఇక సబ్బు పొడి డబ్బాల సంగతి చెప్పక్కర్లేదు. మూతలున్న ఆ ప్లాస్టిక్ డబ్బాలు ఒక్కటీ పారేసిన పాపాన పోలేదు. ఒకదాంట్లో క్లిప్పులు, ఒకదాంట్లో ఉల్లిపాయలు, డాబా మీద ఒకదాంట్లో నిమ్మ మొక్క. "చలి పోగానే ఉన్ని బట్టలు ఖాళీ డబ్బాలో పెట్టి మూతేసెయ్యండే. పురుగు పట్టదు, మళ్లీ చలికాలం దాకా కమ్మటి వాసన వస్తాయి" అని మాకందరికీ నేర్పింది కూడా ఆవిడే.

ఈ డబ్బాలంటే పెద్దమ్మ చెల్లెలు హియామ్‌కి మంట. తల్లి పోయేనాటికి హియామ్‌కి ఆరేళ్లు. ఆ పిల్లని చూసుకోవాలని పెద్దమ్మ పెళ్లే మానుకుంది. హియామ్‌ది నా ఈడే. కింద బజారులో కాఫీ గింజలు వేయించి మర పట్టే కొట్లో పనిచేసేది. సాయంత్రం మెట్లెక్కి వస్తుంటే ఏలకుల వాసన ముందొచ్చేది, తర్వాత మనిషి.

"చూస్తూ ఉండు సబాహ్, నేను చచ్చినా మా అక్క పారెయ్యదు. డబ్బాలో కుక్కి మూతేస్తుంది" అనేది నాతో.

"నీ సైజు డబ్బా ఇంకా రాలేదులే. నోరు మూసుకుని ఆ మేజోళ్లు విప్పు" అనేది పెద్దమ్మ.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం హియామ్ కొట్లోనే కూలబడి ప్రాణం విడిచింది. గుండె. ముప్పై ఎనిమిదేళ్లు. పెద్దమ్మకి ఆ మాట చెప్పాల్సి వచ్చింది నేనే. ఆ సంగతి ఇక్కడ రాయలేను.

పరామర్శ మూడు రోజుల్లో రెండోది మంగళవారమైంది. పెద్దమ్మ చక్కెర లేని కాఫీ ముందు పెట్టుకుని వచ్చినవాళ్ల మధ్య కూర్చునుంటే, ఇరుగుపొరుగు ఆడవాళ్లం సాయం చేద్దామని ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఉతికేశాం. దుప్పట్లు, హియామ్ గౌన్లు, తలగుడ్డలు. ఆమె దిండు గలేబు ఉతికింది నా ఈ చేతులే. పెద్దమ్మ ఒళ్లో పెట్టుకున్న ఆకుపచ్చ స్వెటర్ ఒక్కటి మిగిలింది. పోయే ముందురోజు హియామ్ విప్పి కుర్చీకి తగిలించినది.

జన్మలో మొదటిసారి పెద్దమ్మ ఒక మాసిన బట్టను ఉతక్కుండా ఉంచుకుంది. రోజూ తెల్లవారుజాము నమాజు అయ్యాక ఆ మెడ దగ్గర మొహం పెట్టి కాసేపు ఉండేది. పది రోజులకి నన్ను పిలిచింది.

"వాసన పల్చబడుతోందే సబాహ్. గాలి తగిలి పోతోంది. గట్టి మూత కావాలి."

ఇంట్లోకెల్లా గట్టి మూత పది కిలోల సబ్బు పొడి డబ్బాది. దాన్ని మూడుసార్లు కడిగింది, డాబా మీద రెండు రోజులు ఎండబెట్టింది. స్వెటర్ మడిచి లోపల పెట్టాం. నేను డబ్బా పట్టుకుంటే ఆమె మోకాలితో మూత నొక్కింది. నలభయ్యో రోజు దాకా తియ్యననీ, అలా అయితే చాలాకాలం ఉంటుందనీ అంది. ఉన్ని బట్టల పాఠం చెప్పినావిడ, విన్న నేను, ఇద్దరం అక్కడే ఉన్నాం. మా బుద్ధి ఏ గడ్డి మేసిందో ఈరోజుకీ తెలియదు.

నలభయ్యో రోజు మూత తీస్తే సబ్బు వాసన గుప్పుమంది. పెద్దమ్మ స్వెటర్ తీసి మెడ దగ్గర వాసన చూసింది, చంకల్లో చూసింది, చేతులు తిరగేసి చూసింది. తర్వాత ఖాళీ డబ్బాలోకి కూడా తల పెట్టి చూసింది.

"లేదే. హియామ్ లేదు" అంది.

నేను పరుగున బజారుకి వెళ్లి, అదే కొట్లో ఏలకులు వేసి పట్టిన కాఫీ పొడి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పొట్లం విప్పి చూసింది. కోప్పడలేదు.

"ఇది కొట్టు వాసనమ్మా. పిల్లది కాదు."

ఆ తర్వాతి మంగళవారం ఆమె మెట్లు కడగలేదు. ఒక్కో తలుపూ కొట్టి అడిగింది, హియామ్ మీ ఇంట్లో ఏదైనా మరిచిపోయిందా, ఉతకనిది ఏదైనా ఉందా అని. చివరికి మా ఇంటికొచ్చింది.

"జనవరిలో మంచు పడ్డ రోజు అది తన శాలువా నీకు కప్పి పంపింది. ఉందా?"

ఉంది. తిరిగిద్దామని మడిచి పెట్టుకున్నాను. తెచ్చి ఇచ్చాను. ఆమె మొహానికి ఆనించుకుంది. చాలాసేపు తియ్యలేదు. తీశాక అంచు పట్టుకుని వెతికింది.

"ఇక్కడ కాఫీ మరక ఉండాలే."

ఎవరి దగ్గరన్నా తెచ్చుకున్న బట్ట ఉతికే తిరిగివ్వాలని నాకు నేర్పింది ఆవిడే. అబద్ధం చెబుదామంటే శాలువా ఆమె చేతుల్లోనే ఉంది.

"పోయింది పెద్దమ్మా. నువ్వు చెప్పినట్టే వెనిగర్ వేసి రుద్దాను."

అలవాటు కొద్దీ ఆ అంచుని వెలుతురుకి పట్టి చూసింది. బొటనవేలితో రాసి చూసింది. శాలువా మడిచి నా చేతికే ఇచ్చేసింది.

"బాగా ఉతికావమ్మా" అంది.