రెక్క నీడ

మా చిన్న మామయ్య అబద్ధాలకోరు కాడన్న సంగతి నాకు ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు.

పాత ఫోటోలు చూసి అందులోని చిన్న విమానం ఏ రకమో తేల్చే వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో నేనూ ఒక పెద్దమనిషిని. మొన్న ఎవరో పెట్టిన ఫోటోలో విమానం పక్కన నిలబడ్డ కూలీని కత్తిరించేసి, తోక మాత్రం పెద్దది చేసి, పది నిమిషాల్లో తీర్పు చెప్పేశారు మా పండితులు. చక్రం ఎంతుందో కొలుస్తారు గాని మనిషి వంక చూడరు. వాళ్ళ మీద అసహ్యం వేసింది. ఆ విద్య వాళ్ళకంటే ముందు నేనే నేర్చానని గుర్తొచ్చి, నా మీద ఇంకాస్త వేసింది.

వరిచేలకు విమానంతో పురుగుమందు కొట్టే రోజుల్లో, తాడేపల్లిగూడెం పాత రన్‌వే నుంచి లేచే విమానానికి మామయ్య జెండా మనిషి. గట్టు మీద వెదురుకర్రకు తెల్లగుడ్డ కట్టి ఎత్తి పట్టుకోవాలి, ఆ గురి చూసుకుని విమానం నెత్తిమీదుగా మందు చల్లుకుంటూ పోగానే కొన్ని అడుగులు పక్కకు జరిగి మళ్ళీ ఎత్తాలి. మందు సగం ఆయన ఒంటిమీదే పడేదట. చేల హద్దులు బాగా తెలిసినవాడని పైలట్ ఒకసారి వెనక సీట్లో ఎక్కించుకుని కొల్లేరు దాకా తిప్పి తెచ్చాడు. జీవితంలో ఆయన గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే. సాక్ష్యంగా ఒక ఫోటో ఉండేది: విమానం వెనక సగం, దాన్ని ఆనుకుని జెండాతో మామయ్య. చట్రంలో పట్టలేదని పటం కట్టినవాడు ముందుభాగం, పైభాగం కోసేశాడు.

నేను ఏలూరులో కాలేజీలో చేరిన ఏడు లైబ్రరీలో విమానాల బొమ్మల పుస్తకం దొరికింది. నాలుగు పేజీలు చదివేసరికి నా అంతవాడు లేడనుకున్నాను. ఆ నెలలోనే వట్లూరులో మా పెద్దమ్మ కూతురి నిశ్చితార్థం. పెళ్ళివారికి పటం చూపిస్తూ, కొల్లేరు పైనుంచి ఎలా కనపడిందో మామయ్య అప్పుడే మొదలుపెట్టాడు. నేను మధ్యలో అందుకున్నాను.

"ఇది పానీ అనే రకం విమానం మామయ్యా, దీనికి ఒకటే సీటు. మీరు పైలట్ ఒళ్ళో కూర్చున్నారాండీ?"

అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు బాబాయి, "ఏవండీ, కిటికీ పక్కన కూర్చోనిచ్చారాండీ మరి?" అన్నాడు.

మామయ్య పటం చంకలో పెట్టుకున్నాడు. "చదువుకున్నోడివి. నువ్వన్నావంటే అంతేలే అబ్బాయ్."

ఆనాటి నుంచి చుట్టాలందరికీ ఆయన 'విమానం గారు'. పటాన్ని మళ్ళీ గోడకు తగిలించకుండా మా అమ్మకిచ్చేశాడు. కొల్లేరు మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండేళ్ళ తర్వాత అమ్మ పెట్టెలో అది నా కంటపడింది. పానీకీ, మందు కొట్టడానికే వాడే సూపర్ కబ్ అనే ఇంకో రకానికీ తోకలు దాదాపు ఒకలాగే ఉంటాయని అప్పటికి తెలుసుకున్నాను. పానీకి రెక్క కిందుంటుంది. కబ్‌కి పైన, సీట్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. ఫోటోలో తోక మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. మామయ్య మాత్రం నిలువునా నీడలో ఉన్నాడు. రెక్క తలపైన ఉంటేనే గదా మనిషి దాని నీడన నిలబడేది! నా తెలివికి మచ్చ వస్తుందని నోరు మూసుకున్నాను. పాత గొడవ కెలకడం దేనికని ఆ పిరికితనానికి మర్యాద ముసుగు కూడా వేశాను.

గ్రూపులో ఆ తీర్పు చూసిన మర్నాడు మామయ్య ఫోటో పట్టుకుని ముదినేపల్లి వెళ్ళాను. మామయ్య అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. దారిపొడవునా ఒకప్పటి చేలు చేపల చెరువులైపోయాయి. అంతా చెప్పాను. ఆయన ఫోటో వంక చూడనైనా లేదు.

"నేనెక్కానని నాకు తెలీదంట్రా? నాకెందుకు చెప్తావు? నవ్వినోళ్ళకి చెప్పు."

పోయిన ఆదివారం వట్లూరులో, ఆ పెద్దమ్మ కూతురి మనవడి పుట్టినరోజుకి మామయ్యతో సహా అందరం కలిశాం. ఆనాడు నవ్వినవాళ్ళలో సగం మంది లేరు. ఉన్నవాళ్ళలో కొందరికి వినపడదు. మామయ్య చూసిన కొల్లేరు కూడా చేపల చెరువుల కింద పోయింది, ఇప్పుడు ఎంత ఎత్తుకెగిరినా కనపడదు. భోజనాల ముందు లేచి, ఫోటో ఎత్తి పట్టుకుని, వినపడనివాళ్ళ కోసం రెండుసార్లు చెప్పాను.

"ఈయన విమానం ఎక్కారండి. ఆ రోజు తెలియక ఎగతాళి చేశాను, తెలిశాక ఇన్నేళ్ళూ దాచాను. మామయ్యా, నన్ను క్షమించండి. కొల్లేరు పైనుంచి ఎలా ఉందో చెప్తుంటే నేనే ఆపేశాను. మిగతాది చెప్పండి."