చివరి పేజీలు లేని హీరో

మా అక్క కొడుకు ఫోన్‌లో ఏదో జాబితా పైకి చదువుతున్నాడు. కామిక్స్ నుంచి తీసిన చెత్త సినిమాలట. మూడో పేరు వినగానే నందిగామలోని అద్దె పుస్తకాల షాపు గుర్తొచ్చి, పాత కాగితమూ అగరుబత్తీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలినట్టయింది.

మీకూ గుర్తుండే ఉంటుంది, అద్దె పుస్తకాలకు చివరి పేజీలు ఉండేవి కావు. మా ముసుగు హీరో మండుతున్న వంతెనకు వేలాడుతుండగానే పుస్తకం అయిపోయేది. తర్వాత ఏమైందని షాపు నడిపే బాబాయిని ఎన్నిసార్లు అడిగినా, "చెప్తే మజా ఏముంటదమ్మా" అని నవ్వేసేవాడు.

రెండేళ్లకు ఆ కథే సినిమాగా, తెలుగు డబ్బింగుతో జగ్గయ్యపేటకు వచ్చింది. నాన్నను బతిమాలి అక్కా నేనూ ఆయనతో బస్సెక్కాం. హాల్లో పట్టుమని పదిమంది లేరు. హీరో సూటు రెయిన్‌కోటులా ఉంది. అయినా వంతెన సీను రాగానే ఒకరి చేయి ఒకరం గట్టిగా పట్టుకున్నాం. అతను కిందనున్న పడవలోకి దూకి బతికాడు. వెనక వరుసలో ఎవరో "హమ్మయ్య" అన్నారు. తిరిగి చూస్తే షాపు బాబాయి.

"మీకు ముందే తెలుసుగా బాబాయ్?" అంది అక్క.

"నాకెవరు చెప్పారమ్మా? నేను కొన్నప్పుడే ఆ పేజీలు లేవు."

మర్నాడు షాపుకెళితే, ఆ పుస్తకం వెనక అట్ట లోపల బాల్‌పెన్నుతో రాసి ఉంది: "హీరో పడవలోకి దూకి బతికాడు. నేను చూశాను."

పాపం, ఆ జాబితా రాసినవాడికి పేజీలన్నీ ఉన్న పుస్తకం దొరికుంటుంది.