మూడు సెంట్ల రైలు, చిటికెడు పసుపు

మా ఆయనకి అమెరికా వెళ్ళాలని ఎప్పుడూ లేదు, అక్కడి స్టాంపులు మా ఇంటికొస్తే చాలు. దోహాలోని ఉమ్ ఘువైలినాలో మాది రెండు గదుల ఫ్లాట్. అందులో బీరువా పై అర స్టాంపుల ఆల్బందే. దాన్ని నేను ముట్టుకోకూడదు, చేతులకి నూనె ఉంటుందట. ఆ చేతుల వంట మాత్రం ఆయన లొట్టలేసుకుంటూ తినేవారు.

భోజనాల దగ్గర నాకు పాఠాలు. అక్కడ బతికున్నవాళ్ళ బొమ్మ స్టాంపు మీద వేయరట. "అయితే మీకు ఇప్పట్లో యోగం లేదన్నమాట" అన్నాను. ఒకసారి విమానం తలకిందులుగా అచ్చయితే ఆ తప్పు స్టాంపే ఇప్పుడు కోట్లు చేస్తుందట. నా చపాతీ వంకరపోతే ఆ మర్యాద ఉండేది కాదు. ఈమధ్య స్టాంపుల మీద ధరే వేయడం లేదట, ఫరెవర్ అని రాస్తారట. ఇవాళ కొన్నది రేటు పెరిగాక కూడా ఉత్తరానికి చెల్లుతుందట. వరల్డ్ కప్ పేరు చెప్పి దోహా అంతా అద్దెలు పెంచుతున్న రోజులవి. "అలాంటి ఫ్లాటొకటి వెతకండి" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆయన ప్రాణమంతా ఒక పాత నీలం స్టాంపు మీదుండేది. మూడు సెంట్లది, దాని మీద రైలింజను. ఎప్పుడూ పెద్దమనుషుల తలకాయలేనా అని ఒకసారి రైలు వేస్తే, జనానికి నచ్చక కొద్దికాలానికే మానేశారట. అది ఆయన ఆఫీసులోని ఒక అమెరికన్ దగ్గరుంది. ఖతర్ కొత్త స్టేడియంల స్టాంపులిస్తే దాన్నిస్తానన్నాడు. కానీ ఒక్క మరక ఉండకూడదు, వెనక జిగురు చెదరకూడదు. పైగా ఆ వారంలోనే అతను ఈ దేశం వదిలి వెళ్ళిపోతున్నాడు. మా ఆయన రెండు సెట్లు కొన్నారు. ఒకటి ఆల్బంలో పెట్టి, రెండోది కవర్లో పెట్టి టేబుల్ మీద ఉంచారు.

శుక్రవారం అమెరికన్ మా ఇంటికొచ్చాడు. కవరు విప్పితే ప్రతి స్టేడియానికీ నాలుగు మూలలా పసుపు! జిగురు తడిసి ఒకదానికొకటి అతుక్కున్నాయి కూడా. విజిట్ వీసా మీద వచ్చిన మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నారు.

"పరాయివాడికి కొత్త కాగితం పసుపు పెట్టకుండా ఇస్తామట్రా? శుభలేఖకైనా పెడతాం కదా!"

నాకు నవ్వాగలేదు. "తప్పుంటేనే విలువ అన్నారుగా" అని ఆయన చెవిలో అన్నాను. అమెరికన్ మర్యాదగా తల అడ్డంగా ఊపి, రైలింజనుని జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏవంటున్నాడ్రా?" అన్నారు అత్తగారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. "చాలా బాగున్నాయంటున్నాడమ్మా. కాఫీ ఇవ్వు."

నా నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. ఆల్బంలో మచ్చలేని సెట్టు ఇంకోటుంది, అది తీసిస్తే అమ్మ చిన్నబుచ్చుకుంటుందని ఆయన ఆ ఊసే ఎత్తలేదు. నేను పక్కన నిలబడి ఊపిరి గట్టిగా తీస్తేనే "ఆల్బం!" అని అరిచే మనిషి ఆయన. ఒక్క క్షణం కుళ్ళుకున్నాను. మరుక్షణం ఆయన్ని చూస్తే జాలేసింది, ముద్దూ వచ్చింది.

అమెరికన్ కాఫీ తాగి వెళ్ళాడు. అత్తగారికి హుషారొచ్చింది. "ఆ పుస్తకంలో ఉన్నవాటికీ పెట్టేస్తానుండు. అమ్మాయ్, పసుపు డబ్బా ఇలా తే."

 ఆయన నా వైపు ఒక చూపు చూశారు.

"పసుపు నిండుకుందత్తయ్యా" అని వంటింట్లోంచి కేకేశాను, నిండా ఉన్న డబ్బాని బియ్యం బస్తా వెనక్కి కాలితో తోస్తూ.

ఆవిడా తక్కువ తినలేదు. సాయంత్రం కింద కొట్టుకెళ్ళి అరకిలో పొట్లం కొనుక్కొచ్చారు. మెట్ల మీద ఆవిడ దగ్గు వినబడగానే మా ఆయన బీరువా దగ్గరికి పరుగెత్తి, ఆల్బం తీసి, అప్పుడే గారెలు వేస్తున్న నా నూనె చేతుల్లో పెట్టి, "ఎక్కడైనా దాచెయ్యవే, నీకు పుణ్యముంటుంది" అన్నారు.