మేనత్త అడిగిన పరుపు

పాఠకులకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలన్న మర్యాదను ఈ రచన మొదటి నుంచి చివరిదాకా తుంగలో తొక్కుతుంది. బీకాం చదివినవాణ్ని, ఇంతకు మించిన సంస్కారం నా దగ్గర ఆశించకండి.

పోయిన నెల మా మేనత్త కామారెడ్డి ఆసుపత్రిలో చనిపోయింది. ఎల్లారెడ్డిలో ఆమె ఇంట్లోనే ఉన్న నాకు నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నా నోట మొదట వచ్చిన మాట, "ఎవలు చూసిండ్రు?" నాన్న, "నేనే చూసిన రా," అన్నాడు.

ఆ ప్రశ్న నాది కాదు, ఆమెది. ఎవరికి పెళ్లి కుదిరిందన్నా, ఎవరికి దుబాయి వీసా వచ్చిందన్నా, బీడీలు చుట్టే చాట మీంచి తలెత్తకుండా అదే అడిగేది. పాలు పోసేవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూసేది. ఉద్యోగం వెతుక్కుంటూ నేను ఆమె పంచన ఉన్నన్నాళ్లూ, నా ఫోన్‌లో మాట్లాడేది ఎవరో అమ్మాయేనని గట్టిగా అనుకుంది. నిజమైతే ఎంత బాగుండేది.

బస్టాండు దగ్గర పరుపులు కుట్టే ఆయనతోనూ అంతే. దూది ఏకించడానికి వెళ్తే, పాతది కలుపుతాడేమోనని పని అయ్యేదాకా ఎదురుగా కూర్చునేది. "సాయెబూ, చేతులు కనవడేటట్టు పెట్టి పని జెయ్యి," అనేది. ఆయన నవ్వేవాడు.

పోయినేడు ఆయన కొట్టు తగలబెట్టారు. ఆయన మతంవాళ్లు మనవాళ్లను కొట్టారంటూ ముందురోజు ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. అత్తకు చూపిస్తే, "గీ రోడ్డు మనదేనా? ఎవలు చూసిండ్రు?" అంది. ఆ రోజు ఊళ్లో ఇంకెవరూ ఆ ప్రశ్న వేయలేదు. వీడియో మన రాష్ట్రానిదే కాదని తేలేసరికి కొట్టు బూడిదైంది. దూది మంట మొండిది. ఆరిందనుకున్నా లోపల రాజుకుంటూ మర్నాడు కూడా పొగ వచ్చింది.

చేసింది బయటివాళ్లేనని అందరం అనుకున్నాం. అత్త ఒప్పుకోలేదు. "బయటోళ్లకు మన సందులెట్ల తెలుసు, అల్లుడా?" అంటూ నా రెండు చేతులు పట్టుకుని వాసన చూసింది. కిరసనాయిలు వాసన లేదు. పొగ వాసనా లేదు. అంటే తగలబెట్టనూ లేదు, ఆర్పనూ లేదు. "కడుక్కునే పని గూడ లేదు నీకు," అని చేతులు వదిలేసింది.

ఆ తర్వాత ఊరంతా ఉన్నట్టుండి మంచిదైపోయింది. అదే అనుమానించాల్సిన సంగతి. పరుపులాయన ఎదురైతే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాళ్లం. నేను సామరస్యం మీద స్టేటస్ పెడితే దండాల బొమ్మలు బోలెడు వచ్చాయి. ఆయన మాత్రం మాటలు మానేసి, మాడిన షటరు ముందు కూర్చునేవాడు. ఊరు వదిలి కామారెడ్డిలో బిడ్డ దగ్గరికి పోతున్నాడని తెలిసింది.

అది విని అత్త చాట పక్కన పెట్టి లేచింది. కొట్టు కాలడానికి ముందే ఆమె తన పరుపు ఆయనకిచ్చి ఉంది. నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, నలుగురి ముందు, "నా పరుపేది?" అంది.

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. పక్క కొట్టువాళ్లు ఆమెను కసిరారు. ఆయన బూడిద వైపు చెయ్యి చూపించాడు.

"కాలిందని ఎవలు చూసిండ్రు? ముందుగాల్నే తీసి దాసినవో ఏమో."

ఆయన మొహం ఎర్రబడింది. కొట్టు కాలాక ఆయన గొంతు మేం విన్నది అప్పుడే. "నీ ముసలి దూది దాసి నేనేం జేస్కుంటనక్కా? నా బతుకే కాలిపాయె."

"గది నాకు తెల్వది. పరుపు కుట్టియ్యి. కుట్టియ్యకుంట ఊరు దాటితె దొంగవే అంట."

ఆయన నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. భుజాలైతే కదిలాయి.

కొన్నాళ్లకు ఎక్కడినుంచో దూది ఏకే పాత మిషన్ తెచ్చుకున్నాడు. అత్త చాట పట్టుకెళ్లి ఎదురుగా కూర్చుంది. పరుపు తయారైతే గడ్డలున్నాయని విప్పించింది. మళ్లీ కుడితే ఒక మూల పలచనంది. ఈలోగా, ఆమెను చూసో ఆమె నోటికి జడిసో, మిగతావాళ్లూ దిండ్లు, పరుపులు పట్టుకొచ్చారు. ఎప్పుడు పోతున్నావని ఎవరైనా అడిగితే, "ఆ అక్క ఉన్నన్ని రోజులు యాడికి పోత? దొంగనంటది," అనేవాడు.

ఇదంతా దయతో చేసిందా, నిజంగానే దూది దాచాడనుకుందా? ఓసారి అడిగాను. "గిది అడగమని నిన్నెవలు తోలిండ్రు?" అని నన్నే అనుమానించింది. ఇప్పటికీ నాకు తెలియదు. నమ్మకం మీద స్టేటస్‌లు పెట్టిన మేం ఆయన కళ్లలోకి చూడలేకపోయాం. ఎవరినీ నమ్మని మనిషి మాత్రం రోజుల తరబడి ఆయనకెదురుగా కూర్చుంది.

ఆమె దినాలు అయిపోగానే, ఆయన సామాను సర్దుతున్నాడని విన్నాను. ఇక దొంగ అనేవాళ్లు లేరు కదా.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఇంత జరిగినా నేను నిజంగా చేసిన పని ఒక్కటే. నిక్షేపంలాంటి నా దిండును బ్లేడుతో అడ్డంగా కోశాను. దాన్ని తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆయన ఆ కోతను వేలితో తడిమి, నా మొహంలోకి చూశాడు. "నీకు గూడ నా మీద అనుమానమేనా?"

"మా అత్త కంటె ఎక్కువ," అన్నాను.

సగం కట్టిన మూటను కాలితో పక్కకు జరిపి, మిషన్ వేశాడు. దూది లేచి ఆయన కనుబొమల మీద, నా బీకాం తల మీద, మెల్లగా వాలింది.