పదిమంది ముందు కోసిన పార్శిలు

సంతలో కుండ కొనాలంటే సోములమ్మ ముందు దాన్ని చెవి దగ్గర పట్టుకుని వేలి కణుపుతో కొడుతుంది. ఖంగుమంటే తీసుకుంటుంది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుందని పక్కన పెట్టేస్తుంది. చీరైతే వెలుగుకి పట్టి నేత చూస్తుంది. కొడవలైతే పిడి పట్టుకుని ఒకసారి గాలిలో విసిరి, చేతికి కుదిరిందో లేదో చూసుకుంటుంది. అమ్మేవాడు విసుక్కుంటే, "నా సేతిలో ఉండే సరుకు. నాను సూసుకోవాలా, నువ్వు సూసుకోవాలా?" అని అడుగుతుంది.

ఇంత చూసి కొనే మనిషిని, ఆమె ఒంటి విషయంలో మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అరకు దాటి కొండెక్కితే వచ్చే పనసగరువు ఆమె ఊరు. కొండదొర గిరిజనుల ఇళ్ళు, చుట్టూ కాఫీ మొక్కలు, వాటికి నీడనిచ్చే చెట్ల మీద మిరియాల తీగలు. మొగుడు భీముడు జీపు నడిపేవాడు. ఘాట్ రోడ్డులో జీపు బోల్తాపడి పోయాడు. తరవాత కొంతకాలానికి సోములమ్మకి నెలసరి రక్తం ఆగకుండా పోతుంటే మైదానంలో ఏదో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పడుకోబెట్టారు. వేలిముద్ర వేయించుకున్నారు. లేచేసరికి గర్భసంచి లేదు. అండాశయాలూ లేవు. "మొగుడు లేడు కదా, ఇంక దాంతో పనేముంది?" అన్నాట్ట డాక్టరు. ముప్పై ఏడేళ్ళ మనిషిని పట్టుకుని!

ఊళ్ళో కుళాయి దగ్గర నెల్లాళ్ళు అదే కబురు. సోములమ్మకి ఏం తీశారు, ఎంత కోశారు, కుట్లెక్కడ వేశారు. మగవాళ్ళు కూడా చుట్ట కాల్చుకుంటూ ఆమె గర్భసంచి గురించి మాట్లాడారు. అప్పుడు ఎవరికీ సిగ్గు లేదు. పరువు పోలేదు. ఆడదాని ఒళ్ళు డాక్టరు కోస్తే వైద్యం, ఊరు మాట్లాడితే పలకరింపు. అదే ఒంటికి ఏం కావాలో ఆమె చెబితే మాత్రం బరితెగింపు!

ఆపరేషన్ తరవాత ఆమెకి ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కింద మంట, పొడితనం. పోనిది ఒకటే, కోరిక. అది ఉందని ఆమెకు తెలుసు. నలభై దాటిన మనిషి, తన ఒళ్ళు తనకు తెలియదా?

మళ్ళీ మనువాడడం ఈ కొండల్లో తప్పేం కాదు. భీముడికి పినతండ్రి కొడుకు గాసి అడగనే అడిగాడు. పెద్దలు కూడా ఊఁ అన్నారు. సోములమ్మే ఒప్పుకోలేదు.

"మనువంటే మల్లీ ఒకడికి సోడి అంబలి కాయాలి, ఒకడు తాగి పడిపోతే ఎత్తుకు రావాలి. ఒక్క సుకానికి ఇంత సాకిరేటి?" అంది.

ఈ మాట ఆమె అన్నది జయశ్రీతో. జయశ్రీ ఆరోగ్య కేంద్రంలో నర్సు, అనకాపల్లి అమ్మాయి. మంట గురించి చెప్పుకోవడానికి వెళ్ళినప్పుడు ఆమె మొదట డాక్టరమ్మకి చూపించింది. పుండూ ఇన్ఫెక్షనూ ఏమీ లేవని తేలాక, పూతమందు ఇప్పించి, బయటికి వచ్చాక మెల్లగా అడిగింది: "సోములమ్మా, వైబ్రేటర్ అని ఒకటుంటుంది. ఎప్పుడైనా విన్నావా?"

"సెల్ఫోన్లో ఉంటాదదేనా?"

"అలాగే వణుకుతుంది గానీ, అది ఫోను కాదు."

ఏమిటో విడమరచి చెబితే సోములమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత, "ఓలమ్మ! మరింతకాలం సెప్పవేటి?" అంది.

ఆదివారం మధ్యాహ్నం జయశ్రీ క్వార్టర్లో ఇద్దరూ ఫోను ముందేసుకుని కూర్చున్నారు. తెరనిండా గులాబీ రంగు.

"అన్నీ పెళ్ళి షామియానా రంగేటి సిస్టరమ్మా?"

"రంగు వదిలెయ్. లోపల పెట్టుకునేవి కొన్ని, పైన ఆనించుకునేవి కొన్ని. రెంటికీ పనికొచ్చేవీ ఉన్నాయి. నీకేది హాయో నువ్వు చెప్పు."

"లోపలియ్యి వద్దు. ఆపరేసన్ కాడ ఇంకా గుంజుతాది. పైనదే సూడు. పిడి పొడుగ్గా ఉండాల. కాఫీ పళ్ళు కోసిన రోజు నా ఏళ్ళు తిమ్మిరెక్కిపోతాయి, పట్టు దొరకదు."

"బటన్?"

"సీకట్లో తడిమితే దొరకాల."

జయశ్రీ జల్లెడ పట్టుకుంటూ పోయింది. మెల్లగా మొదలై మనం పెంచితేనే వణుకు పెరిగేదై ఉండాలంది. సిలికాన్ అని రాసి ఉన్నదే కొనాలంది. జిగురుజిగురుగా, రబ్బరు కంపు కొట్టేవాటిలో ఎంత కడిగినా మురికి నిలిచిపోతుందంది. వాడకముందూ వాడాకా సబ్బు నీళ్ళతో కడగాలి కాబట్టి తడికి పాడవనిది చూడమంది. పొడిగా ఉంటుంది గనక జెల్ కూడా కావాలంది.

"జెల్లెందుకు? ఇంట్లో వలిసె నూనె ఉన్నాది కదా."

"నూనె వద్దు. లోపల నిలిచిపోయి దురద, మంట తెస్తుంది. నీళ్ళతో చేసిన జెల్ వేరే ఉంటుంది."

"వలిసె నూనెకి వంక పెట్టకు. మా తాతల కాణ్ణించి వాడతన్నాం."

"మీ తాతలు దీనికి వాడలేదు కదా!"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. చివరికి ఒకటి నచ్చింది. సోములమ్మకి ఇంకో అనుమానం మిగిలింది. "సప్పుడెంత? తడికవతల మా అత్త పడుకుంటాది."

"తక్కువ చప్పుడని రాశారు."

"రాత్తే సరా? కుండోడు కూడా మంచి కుండనే అంటాడు. ఇనకుండా ఎలా కొంటాం?"

కానీ ఫోనులో కుండని కొట్టి చూడ్డం కుదరదు. డబ్బు ముందే కట్టి అలాగే ఆర్డరు పెట్టారు. పెట్టె మీద ఏమీ రాయరనీ, లోపల ఏముందో ఎవరికీ తెలియదనీ జయశ్రీ ధైర్యం చెప్పింది.

ఆ అట్టపెట్టె నగరాల కోసం పుట్టింది. ఇంటి తలుపు దగ్గరికి తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయేచోట అది పనిచేస్తుంది. మా కొండల మీదికి పార్శిలు మనిషి రాడు. అన్ని ఊళ్ళ పార్శిళ్ళూ సంతలో బాలాజీ కొట్లో దింపేస్తారు. సంతరోజున వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. ఒకసారెవరికో ఫోను బదులు సబ్బుబిళ్ళ వచ్చింది. అప్పటినుంచి బాలాజీ ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి పార్శిలూ గల్లా ముందు, అందరూ చూస్తుండగా తనే కోస్తాడు. బాగుంటే పుచ్చుకుంటారు, తేడా ఉంటే అక్కడే వాపసు. గిరిజనులు మోసపోకుండా తాను చేసే సేవ అని చెప్పుకుంటాడు. కొన్నాళ్ళు అది సేవే. నేను కాదనను.

సోములమ్మ పెట్టె మీద ఆమె పేరు తప్ప నిజంగానే ఇంకేమీ రాయలేదు. రాయలేదు కాబట్టే బాలాజీకి అనుమానం వచ్చింది.

"ఏటిది సోములమ్మా? సరుకు పేరూ లేదు, కంపెనీ పేరూ లేదు."

"ఒద్దు సావుకారీ, కొయ్యకు. ఇంటికాడ సూసుకుంటాను."

"ఇంటికెళ్ళాక రాయొచ్చిందని ఏడిస్తే నాది పూచీ కాదు."

బ్లేడు వేశాడు. ఊదారంగు వస్తువు గల్లా మీద పడింది. అటూ ఇటూ తిప్పి, బటన్ నొక్కాడు. అది గుర్రుమంది. ముందెవడో మైకు అన్నాడు, ఇంకెవడో మజ్జిగ చిలికేదన్నాడు. విశాఖలో పనిచేసి వచ్చిన ఒకడు గుర్తుపట్టి చెప్పేశాడు. కొట్టంతా ఒక్కసారి గొల్లుమంది. పక్కనే ఎండుచేపలు అమ్ముకునే రత్నాలు గట్టిగా నవ్వింది. ఎవరో ఫోను ఎత్తి వీడియో తీశారు.

"నీదేనా సోములమ్మా?" అన్నాడు బాలాజీ, పెట్టె మీద ఆమె పేరు కనిపిస్తుండగానే.

"నాది కాదు," అని ఆమె వెళ్ళిపోయింది. కొన్న ఉప్పు కూడా అక్కడే వదిలేసింది.

ఆ వీడియో ఆమె కంటే ముందు పనసగరువు చేరింది. మరునాడే గాసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నానుండగా అదెందుకొదినా? బేటరీ కూడా అక్కర్నేదు."

సోములమ్మ కుడితి బాల్చీ ఎత్తింది. "నిన్నైతే నొక్కినా ఆగవు కదరా! పో!"

గాసి తడవకుండా పారిపోయాడు గానీ, నవ్వులు ఆగలేదు. ఆమె కుళాయికి వెళ్ళడం మానేసి వాగు నీళ్ళు మోసుకుంది. సంతకి ఇంక ఈ జన్మలో వెళ్ళనంది. సంతకి వెళ్ళకపోతే మిరియాలు ఎక్కడ అమ్మాలి, ఉప్పెక్కడ తేవాలి? నేరం చేసినవాడు గల్లా దగ్గర కూర్చుని అందరికీ ఆట చూపిస్తున్నాడు. ఆమె మాత్రం ఇంట్లో దాక్కుంది. నాకు కడుపు మండేది ఇక్కడే. అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు నాట్యం చేయించి ఫొటోలు తీసుకోవడానికి కొండమీది ఆడదాని ఒళ్ళు కావాలి. ఆపరేషన్ల లెక్క చూపించుకోవడానికి కావాలి. ఆ ఒళ్ళు తనకోసం ఒక వస్తువు తెప్పించుకుంటే లోకానికి నవ్వులాట!

ఆమెను లేపింది అత్త. పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని ముసలామె అడిగింది.

"అది ఇంట్లో ఉంటే గాసిగాణ్ణి మనువాడవా?"

"ఆడవను."

"నన్నొగ్గేసి ఎల్లవా?"

"ఎల్లను."

"మరి తెచ్చుకో. మగోడైతే నిన్ను తోలుకుపోతాడు. అదేటి సేత్తది, మూలనుంటాది. సప్పుడు మాత్రం సెయ్యకుండా సూడు, నాకసలే నిద్ర పట్టదు."

సోములమ్మకి చాలారోజుల తరవాత నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే కోపమొచ్చింది.

తరవాతి సంతకి మిరియాల మూట నెత్తిన పెట్టుకుని నేరుగా బాలాజీ కొట్టుకే వెళ్ళింది. ఊదారంగు వస్తువు గల్లా వెనక అలమారలో, అగరుబత్తుల పక్కన నిలబెట్టి ఉంది. కావలసినవాడల్లా తీసి నొక్కి నవ్వుకుని పెడుతున్నాడు.

"నా సరుకు ఇయ్యి సావుకారీ."

"నీది కాదన్నావు?"

"ఆయాల సిగ్గేసింది. ఇయాల కోపమొచ్చింది. ఇయ్యి."

జనం మూగారు. ఫోన్లు లేచాయి. "తియ్యండి, బాగా తియ్యండి. ఈ కొట్లో ఆడదాని సరుకు ఎలా కోత్తారో కూడా తియ్యండి," అంది. రెండు ఫోన్లు దిగిపోయాయి.

బాలాజీ వస్తువు ఇచ్చాడు. నొక్కితే పలకలేదు. నవ్వులాటలో చార్జింగ్ అయిపోయింది.

"కరెంటు పెట్టు."

"ఇక్కడా?"

"ఎక్కడ నొక్కి అవగొట్టినారో అక్కడే."

చార్జింగ్ పెట్టించి, స్టూలు లాక్కుని కూర్చుంది. ఆట చూద్దామని వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, ఏమీ జరక్కపోయేసరికి ఇబ్బందిగా చెదిరిపోసాగారు. రత్నాలు మాత్రం చేపల గంప వదిలి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఈసారి ఆమె నవ్వలేదు.

కాస్త చార్జింగ్ ఎక్కాక సోములమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. పిడి పట్టుకుని చూసింది. పొట్టిగా ఉంది, ఫోటోలో చూసిన పొడుగు లేదు. కళ్ళు మూసుకుని బటన్ తడిమింది. దొరకలేదు. కనిపెట్టి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. కుండల దగ్గర ఎలా వింటుందో అలాగే తల ఒకవైపు వంచి విన్నది.

"పిడి పొట్టి. బొత్తాం సిన్నది. సప్పుడు మా అత్త గురక్కంటే ఎక్కువ. బొమ్మలో సూపించింది ఇది కాదు. ఒద్దు, వాపసు పంపు."

"ఇన్నాళ్ళు ఉంచి వాపసంటే..."

"ముందు సూసి పుచ్చుకోవాలనే కదా నువ్వు కోసింది? సూసినాను, నచ్చనేదు. పదిమంది సెయ్యేసిన సరుకు నా ఒంటికి పనికిరాదు. కంపెనీ తీసుకోకపోతే ఆ నట్టం నీది. ఒద్దన్నా కోసినోడివి నువ్వే."

బాలాజీ జనంకేసి చూశాడు. ఈసారి అటువైపు నవ్వేవాళ్ళు లేరు.

రత్నాలు గొంతు సవరించుకుంది. "అప్పా, సప్పుడు సెయ్యనియ్యి కూడా ఉంటాయేటి?"

"ఉంటాయంట. మొన్న నవ్వినావు కదే నువ్వు?"

"నవ్వినాను. నా లోపల బట్టల పార్శిలు ఈడు కోసినప్పుడు అందరూ నవ్వినారు. ఈసారి నాది కాదు కదాని నవ్వేసినాను."

ఆ మాటతో ఆడవాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకామెకి నెలసరి గుడ్డల పార్శిలు, ఒకామెకి మొలల మందు. అందరివీ ఆ గల్లా మీదే పడ్డాయి. ఎవరికి వాళ్ళు తమకే జరిగిందనుకుని నోరు మూసుకున్నారు. బాలాజీ ముందు గదమాయించాడు, తరవాత నసుగుతూనే ఊదారంగు వస్తువుని వాపసుకి కట్టాడు. చివరికి కొట్టు వెనక బస్తాల గదికి రత్నాలే తన పాత చీర తెరగా కట్టింది. ఇకమీదట ఎవరి పార్శిలు వాళ్ళే, తెర వెనక, తమ చేత్తో కోసుకుంటారు. తేడా ఉంటే అప్పుడు బయటికి తెస్తారు.

వీడియో తీసినవాడు ఎవడో తేలలేదు. ఎవడూ శిక్ష పడి ఏడవలేదు. గర్భసంచి తీసిన డాక్టరు ఇప్పటికీ బోర్డు కట్టుకుని కూర్చునే ఉన్నాడు. వాళ్ళందరి లెక్కా ఇంకా మిగిలే ఉంది.

జయశ్రీ ఫోను నుంచి సోములమ్మ మళ్ళీ ఆర్డరు పెట్టించింది. ఈసారి వాడిన ఆడవాళ్ళు రాసిన మాటలన్నీ చదివించుకుంది. పక్కగదికి వినపడలేదని ఒకామె రాసినచోట, "మల్లీ సదువు," అంది. పిడి ఎంత పొడుగో అంగుళాల్లో చూసి, చీపురుపుల్లని అంత పొడుగున విరిచి, పట్టుకుని మరీ ఒప్పుకుంది.

పెట్టె వచ్చిన సంతరోజు దాన్ని చంకలో పెట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది. బాలాజీ గల్లా దగ్గర చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఏ చప్పుడూ వినపడలేదు. కాసేపటికి ఆమె బయటికి వచ్చి, పెట్టెని బుట్టలో చింతపండు కింద సర్దుకుంది.

అలవాటు కొద్దీ బాలాజీ ఫోను తెర మీద వేలు పెట్టి అడిగాడు. "బాగుందా సోములమ్మా?"

"పుచ్చుకున్నానని నొక్కు," అంది బుట్ట నెత్తికెత్తుకుంటూ. "బాగుందో నేదో నీకెందుకు?"